నగరానికి రోడ్లు సరే, పొలానికి దారేది?

ఒంగోలు నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా ఇప్పుడు ముందు కనపడేవి చేలు కావు, హద్దురాళ్లు. కర్నూలు రోడ్డున పెర్నమిట్ట దాటినా, మంగమూరు రోడ్డున పోయినా, కొత్తపట్నం దారి పట్టినా అదే వరస. నిన్నటిదాకా శనగ, పొగాకు, మిరప పండిన నల్లరేగడిలో ఎర్ర గ్రావెల్ తోలి, ముందర ఒక ఆర్చీ నిలబెట్టి, దానికి దేవుడి పేరో పూల పేరో పెడతారు. పక్కనే బోర్డు: "భవిష్యత్తులో వంద అడుగుల రోడ్డు". ఆ వంద అడుగుల రోడ్డు వెంచరు దాటగానే ఎవరి చేలోకి దిగుతుందో బోర్డు మీద రాయరు. మనం అడగాల్సింది అదే.

ముందే ఒక మాట స్పష్టం చేద్దాం. రైతు రోడ్డుకు శత్రువు కాడు. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు పోవాలన్నా, పొగాకు బేళ్లు వేలం కేంద్రానికి చేరాలన్నా, పత్తి జిన్నింగు మిల్లుకు పోవాలన్నా, కాన్పు కష్టమైన ఆడబిడ్డను రిమ్స్‌కు తీసుకుపోవాలన్నా రోడ్డే దిక్కు. 1937-38లో ఆంధ్ర రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర చేసింది కాలినడకన, రోడ్డు మీదే. రోడ్డు మనకు పరాయిది కాదు. రోడ్డు ఎక్కడ పడాలో, ఎంత ఎత్తున పడాలో, ఎవరి కోసం పడాలో తేల్చేచోట మనకు కుర్చీ లేకపోవడమే మన తగాదా.

ఊరు పెరిగింది, నిజమే

ఒంగోలు పెరగలేదని ఎవరూ అనరు. 1876లో మునిసిపాలిటీ అయిన ఊరు, 1970లో జిల్లా కేంద్రమైంది. 2011 జనాభా లెక్కల్లో రెండు లక్షలు దాటింది. 2012 జనవరిలో చుట్టుపక్కల పల్లెల్ని కలుపుకుని కార్పొరేషన్ అయింది. మద్రాసు నుంచి కలకత్తాకు పోయే పాత ట్రంకు రోడ్డే నేటి 16వ నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి దగ్గర మొదలై కోస్తా వెంబడి బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వచ్చే 216వ నంబరు రహదారి ముగిసేదీ ఇక్కడే. చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు మోసే లారీలన్నీ కర్నూలు రోడ్డు మీదనే. ఇవి చాలవన్నట్టు, కొడికొండ నుంచి కొండలూ చేలూ చీల్చుకుంటూ వచ్చే బెంగళూరు - విజయవాడ కొత్త రహదారి మనకు ఉత్తరాన ముప్పవరం దగ్గర 16వ నంబరు రహదారిలో కలుస్తుంది. ఇంత రాకపోకల మధ్య ఉన్న ఊరికి రోడ్ల ప్రణాళిక అక్కర్లేదని అనేవాడు మూర్ఖుడు. రింగురోడ్డు కావాలని నగరంలో కోరే గొంతులు ఉన్నాయంటే అందులో ఆశ్చర్యమూ లేదు.

అయితే లెక్క చూడండి. వంద అడుగుల రోడ్డు కిలోమీటరు పొడవున పడితే ఏడున్నర ఎకరాలు పోతుంది. రెండు వందల అడుగుల రోడ్డయితే పదిహేను ఎకరాలు. ముప్ఫై కిలోమీటర్ల రింగు అంటే నాలుగు వందల యాభై ఎకరాలు. ఇది ఒట్టి తారు కిందికి పోయే భూమి. దాని రెండు పక్కలా వెంచర్లకూ, దాబాలకూ, పెట్రోలు బంకులకూ, గోడౌన్లకూ పోయే భూమికి ఏ శాఖ దగ్గరా అంచనా లేదు. రోడ్డుకు పోయేది ఎకరమైతే రోడ్డు వెంట పోయేది పదెకరాలు.

గీత గీసేది ఎవరు?

2012లో పల్లెల్ని కార్పొరేషన్లో కలిపారు. పంచాయతీ పోయింది. కార్పొరేషన్‌కు తొలి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే తొమ్మిదేళ్లపాటు పెర్నమిట్ట వాళ్లకూ, కొప్పోలు వాళ్లకూ, త్రోవగుంట వాళ్లకూ అడగడానికి సర్పంచీ లేడు, కార్పొరేటరూ లేడు. ఉన్నది ప్రత్యేకాధికారి. పన్ను మాత్రం నగరం పన్ను. ఈలోగా 2019లో పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. కార్పొరేషన్ హద్దు దాటిన పల్లెల్లో కూడా ఏది వ్యవసాయ భూమి, ఏది నివాస ప్రాంతం, ఏ సర్వే నంబరులో ఎన్ని అడుగుల రోడ్డు అన్నది ఇప్పుడు అటువంటి సంస్థల పటాల్లో తేలుతుంది.

మన ప్రాంతం వాళ్లకు ఇది కొత్త కథ కాదు. నూరేళ్ల కిందట చీరాల, పేరాల గ్రామాల్ని జనం ఇష్టంతో పని లేకుండా మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరు ఖాళీ చేసి బయట రామనగరంలో గుడిసెలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చారు. వాళ్లు ఊరు బాగుపడొద్దని లేచిపోయినవాళ్లు కాదు. మమ్మల్ని అడక్కుండా మా ఊరి సంగతి ఎట్లా తేలుస్తారని లేచిపోయారు.

మాస్టర్ ప్లాన్ అనేది చేను మీద పడే మొదటి సర్వే రాయి. కానీ కంటికి కనపడదు. పటంలో ఒక గీత పడుతుంది. అభ్యంతరాలు చెప్పుకోమని ప్రకటన వస్తుంది. ఎంతమంది రైతులు చూస్తారు? చూసినా, ఆ రంగుల పటంలో తన సర్వే నంబరు ఎక్కడుందో ఎంతమంది పోల్చుకోగలరు? పటం చూడగలిగినవాడు వేరే ఉన్నాడు. గీత పడకముందే వాడికి గీత తెలుసు. వాడు గీతకు అటూ ఇటూ కొంటాడు. గీత కింద ఉన్నవాడు మాత్రం అటు కూతురి పెళ్లికి అమ్ముకోనూ లేడు, ఇటు బోరు వేసుకోవడానికి ధైర్యమూ చెయ్యలేడు. రోడ్డు ఎప్పుడు పడుతుందో తెలియదు. అప్పటిదాకా పరిహారమూ లేదు. పెళ్లికి పిలుపు లేదు, చదివింపులు మాత్రం మనవి!

జాతీయ రహదారి అయితే ఇంకా తొందర. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం 3ఏ ప్రకటన వెలువడిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవాలి. ప్రకటన రెండు పత్రికల్లో వస్తుంది, అందులో ఒకటి తెలుగుది. ఆ రోజు మీరు మిరప కోతల్లో ఉంటే అంతే సంగతి. 2013 భూసేకరణ చట్టంలో అభ్యంతరాలకు 60 రోజులున్నాయి, సామాజిక ప్రభావ అంచనా ఉంది. కానీ రెండు పంటలు పండే నీటివసతి భూమిని గత్యంతరం లేనప్పుడే తీసుకోవాలన్న పదో సెక్షనులోనే, రోడ్లకూ రైలుమార్గాలకూ కాలువలకూ ఈ నిబంధన వర్తించదని చివర ఒక వాక్యం చేర్చారు. 2018లో అమల్లోకి వచ్చిన మన రాష్ట్ర సవరణ, మౌలిక వసతుల ప్రాజెక్టుల్ని సామాజిక ప్రభావ అంచనా నుంచే మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. కంచె ఉంది, కానీ రోడ్డు వచ్చే వైపు తెరిచి పెట్టారు.

ముక్కలైన చేను

నా సంగతి చెబుతాను. మాకు మూడున్నర ఎకరాలుండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరెకరం పోయింది. ఆ అరెకరానికి డబ్బు వచ్చింది, ఆలస్యంగానైనా. కానీ మిగిలిన మూడెకరాలు రెండు చెక్కలయ్యాయి. ఆవలి చెక్క ఎకరం పది సెంట్లు. మా నాయన కాడీ మేడీ వేసుకుని డొంక దాటి అయిదు నిమిషాల్లో పోయే చేను అది. ఇప్పుడు అక్కడికి ట్రాక్టరు పోవాలంటే కిందుగా దారి ఉన్నచోటికి మూడు కిలోమీటర్లు పోయి, అవతలి పక్క మళ్లీ మూడు కిలోమీటర్లు వెనక్కి రావాలి. అంత తిరగలేక ఎదురు దారిలో పోయేవాళ్లున్నారు. చీకటివేళ వెనక లైటు లేని ట్రక్కును లారీ గుద్దిన కథ రోడ్డు పక్క ఊరు ప్రతిదానికీ ఒకటుంది. పత్తి తీతకు పిలిస్తే కూలీలు ఆవలి చెక్కకు రామంటారు, ఆటో అటు తిరగదు. రెండేళ్లు కౌలుకిచ్చాను. మూడో ఏడు కౌలుదారు దణ్ణం పెట్టి వదిలేశాడు. ఇప్పుడు అందులో తుమ్మ మొలిచింది.

చేను ముక్కలైనందుకు కలిగే నష్టం కూడా పరిహారంలో లెక్క కట్టాలని చట్టంలోనే ఉంది. కానీ అది అడిగినవాడికే. ఆ సంగతి నాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. మీకు తెలియాలనే ఈ సొంత గోడు రాస్తున్నాను. రికార్డులో ఆ ఎకరం పది సెంట్లు ఇప్పటికీ నా పొలమే. ఏ నష్టపోయినవాళ్ల జాబితాలోనూ నా పేరు లేదు.

నగరానికి ఎన్ని వరసల రోడ్డు కావాలో లెక్కగట్టే ఇంజినీరు ఎన్ని కార్లు పోతాయో లెక్కపెడతాడు. ఎన్ని ట్రాక్టర్లు అడ్డంగా దాటాలో, ఎన్ని గొర్రెల మందలు దాటాలో, మందు డబ్బా వీపున వేసుకుని ఎందరు దాటాలో ఎవరు లెక్కపెట్టారు? ఒంగోలు గిత్త పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ గిత్త రోడ్డు దాటడానికి దారి లేదు.

నీళ్ల దారి

మన నేల పడమట నుంచి తూర్పుకు వాలు. గుండ్లకమ్మ, మూసీ, మధ్యలో వాగులూ వంకలూ అన్నీ సముద్రం వైపే. ఉత్తర దక్షిణాలుగా పోయే ప్రతి రోడ్డూ, రైలు కట్టా నీళ్లకు అడ్డుకట్టే. రెండు మీటర్ల ఎత్తున కట్టపోసి కిలోమీటరుకో చిన్న తూము పెడితే, ఎగువ చేను చెరువవుతుంది, దిగువ చేను తూము ఎదుట కోసుకుపోతుంది. నల్లరేగడిలో నీళ్లు రెండు రోజులు నిలిస్తే మిరప వేరు కుళ్లి చేను పడిపోతుందని చెప్పడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు. 2010 మే నెలలో లైలా, 2023 డిసెంబరులో మిచాంగ్, రెండు తుఫాన్లూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. ఇది వాన పడని దేశం కాదు.

నగరంలోనైనా జరిగింది అదే. ఊరి మధ్యగా పోయే పోతురాజు కాలువను మూసుకుంటూ, ఇరుకు చేసుకుంటూ వచ్చారు. పెద్ద వాన వస్తే కాలనీలు మునుగుతాయి. కాలువను కాలువగా ఉంచలేని నగరం, చేల మధ్య వాగుల్ని వదులుతుందని ఎట్లా నమ్మాలి? దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఒకప్పుడు వాగు మీద కప్పు వేసి, దాని మీద ఎత్తైన రోడ్డు కట్టారు. 2003లో ఆ రోడ్డును తామే పడగొట్టడం మొదలుపెట్టి 2005కల్లా వాగును మళ్లీ పారించారు. వాళ్లు చేతులు కాల్చుకుని నేర్చుకున్నారు. మనం కూడా కాల్చుకునే నేర్చుకోవాలా? త్రోవగుంట అన్న పేరులోనే త్రోవా ఉంది, గుంటా ఉంది. పటం గీసేవాళ్లకు త్రోవ ఒక్కటే కనపడుతోంది.

ఇంకొకటి. రెండు మీటర్ల కట్టకు కిలోమీటరుకు రమారమి 80 వేల ఘనపు మీటర్ల మట్టి కావాలి. టిప్పరుకు పదిహేను చొప్పున చూసినా అయిదు వేల పైచిలుకు ట్రిప్పులు. ఆ మట్టి ఏ చెరువు గర్భం నుంచి, ఏ కొండ నుంచి వస్తుంది? ఆ టిప్పర్ల కింద నలిగే పంచాయతీ రోడ్డు ఎవరు వేస్తారు? గుండ్లకమ్మ ప్రాజెక్టు 80 వేల ఎకరాల ఆయకట్టు కోసం కట్టింది. 2022 ఆగస్టు చివర ఒక గేటు, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయి నీళ్లు సముద్రం పాలయ్యాయి. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు, మెట్ట చేలు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. గేటుకు గ్రీజు పూయడానికి లేని డబ్బు, ఆరు వరసల రోడ్డుకు ఎట్లా వస్తుందన్నది మా ప్రశ్న.

"ధర పెరుగుతుంది కదా!"

రోడ్డు పడితే మీ భూముల ధర పెరుగుతుంది, ఏడుస్తారెందుకు అని పట్నం మిత్రులు అంటారు. జవాబు చెబుదాం. ధర పెరిగేది అమ్ముకునేవాడికి. దున్నుకునేవాడికి పెరిగేది కౌలు. ఎకరం కోటి అయితే మిరప క్వింటాలుకు నాలుగు రూపాయలు ఎక్కువ రాదు. 2025లో మిర్చి ధర పడిపోతే కేంద్రం జోక్యం చేసుకుంటామని ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. అదే ఏడు నల్ల బర్లీ కొనే దిక్కులేక రైతు రోడ్డెక్కాడు. పంట గిట్టుబాటు కానివాడి ముందు ప్లాటు ధర పెట్టి, "ఇష్టపూర్వకంగా ఇచ్చాడు" అని రాసుకోవడం ఏం న్యాయం?

ఇక రోడ్డు కిందికి పోయే భూమికి వచ్చే ధర వేరు. 2013 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ విలువ, లేదా గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ఏది ఎక్కువైతే అది. దానికి పల్లెల్లో ఒకటి నుంచి రెండు వరకు గుణకం, ఆపైన నూటికి నూరు సొలేషియం. వినడానికి బాగుంది. కానీ ఆ దస్తావేజుల్లో మనం రాయించుకున్న ధర ఎంత? ముప్ఫై లక్షలకు కొని స్టాంపు ఖర్చుకు జంకి ఎనిమిది లక్షలని రాయించుకున్నది మనమే. ఆ కాగితమే ఇవాళ మన మెడకు చుట్టుకుంటుంది. కార్పొరేషన్లో కలిసిన పల్లెకు ఆ గుణకం కూడా దక్కదు. పల్లె అని పంట నష్టాలకు చూడరు, పట్నం అని పరిహారం తగ్గిస్తారు.

కౌలు రైతు మాట చెప్పనే అక్కర్లేదు. చుట్టూ సగానికి సగం చేలు కౌలువాళ్లవే అయినా, పరిహారం సొంతదారు ఖాతాలో పడుతుంది. మూడేళ్లుగా ఆ భూమి మీద బతికే కౌలుదారూ, కూలీ కూడా బాధిత కుటుంబమేనని 2013 చట్టం చెబుతోంది. నిరూపించుకోవడానికి కాగితం ఏదీ? సాగుదారు హక్కు కార్డుకు యజమాని సంతకం కావాలి. రోడ్డు వస్తోందని తెలిసిన యజమాని సంతకం పెడతాడా?

అడిగితే ఏమవుతుందో కూడా చూశాం. 2023 జూన్‌లో తెలంగాణలో ప్రాంతీయ రింగురోడ్డు వద్దన్న రాయగిరి రైతుల్ని చేతులకు బేడీలతో భువనగిరి కోర్టుకు తీసుకొచ్చారు. 2025 జూన్‌లో మన పక్కన ఉలవపాడు మండలం కరేడులో, పరిశ్రమ కోసం ఎనిమిది వేల ఎకరాలు తీసుకోబోతే రైతులు 16వ నంబరు రహదారి మీదనే బైఠాయించారు. రోడ్డు మీద కూర్చుంటే గానీ వినపడని చెవులకు, రోడ్డు గీసేముందు ఎందుకు వినపడదు?

మన తప్పూ ఉంది

మన వైపు కూడా చూసుకుందాం. గ్రామ పటంలో ముప్ఫై మూడు అడుగులున్న డొంక ఇవాళ ఎనిమిది అడుగులుంది. మిగతాది ఎవరు దున్నుకున్నారు? ఏటా ఒక సాలు, ఏటా ఒక సాలు అని చెరో వైపు మనమే. వాగు పోరంబోకులో మిరపనారు పోసిందీ మనమే. వెంచరువాడికి మొదట అడ్వాన్సు పుచ్చుకుని, పక్క రైతుకు చెప్పకుండా సంతకం పెట్టిందీ మనలో ఒకడే. డొంకలు నిలబెట్టుకోని ఊరు, సర్వీసు రోడ్డు అడిగితే ఏం బలం ఉంటుంది? ముందు డొంకలు కొలిపించి హద్దులు వేయించుకుందాం. అప్పుడు మన మాటకు బరువొస్తుంది.

నగరం కూడా తన ఇల్లు చక్కబెట్టుకోవాలి. ట్రంకు రోడ్డు మీద బండి పెట్టుకోవడానికి జాగా లేదని ఊరి చుట్టూ రింగు వెయ్యడం, ఇంట్లో సామాను సర్దుకోలేక పక్కింటి గోడ పడగొట్టడమే. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో కాటీ రహదారిని 2008 నాటికి కొన్నిచోట్ల 26 వరసల దాకా వెడల్పు చేశారు. కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. రోడ్డు పెంచితే బండ్లు పెరుగుతాయి. చుట్టుపక్కల మండలాల నుంచి పొద్దున్నే వచ్చి సాయంత్రం పోయే విద్యార్థులూ, కూలీలూ, రోగులూ వేలల్లో ఉన్నారు. వాళ్లకు సరిపడా పల్లెవెలుగు బస్సులు నడిపితే ఎన్ని ఆటోలు, ఎన్ని బైకులు రోడ్డు మీద తగ్గుతాయో ముందు లెక్కగట్టండి. గ్రానైటు లారీలు పగలు ఊళ్లోకి రాకుండా వేళలు పెట్టండి. ఇవి భూమి అడగని పనులు.

మన డిమాండ్లు

ఒకటి: ఒంగోలు రోడ్ల ప్రణాళిక పటాన్ని సర్వే నంబర్లతో తెలుగులో ప్రతి సచివాలయంలో పెట్టాలి. గీత పడే ప్రతి ఊళ్లో గ్రామసభ, విలీన పల్లెల్లో వార్డు సభ జరిపి తీర్మానం నమోదు చెయ్యాలి.

రెండు: రాజ్యాంగం 243జెడ్‌డి అధికరణం చెప్పినట్టు, పంచాయతీలూ పట్టణాలూ కలిసి నేలనూ నీళ్లనూ పంచుకునే ప్రణాళిక జిల్లా ప్రణాళికా సంఘంలోనే తేలాలి. ఆ సంఘంలో నూటికి ఎనభై మంది ఎన్నికైనవాళ్లు ఉండాలి. అక్కడ చర్చ జరగనిదే ఏ పటాన్నీ ఖాయం చెయ్యకూడదు.

మూడు: ఉన్న డొంకల్ని, పాత రోడ్లను బాగు చేశాకనే కొత్త గీత. నీటివసతి చేల మీదుగా పోవాలంటే వేరే దారి ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పాలి.

నాలుగు: డొంక అడ్డం వచ్చిన ప్రతిచోటా వరికోత మిషను పట్టేంత ఎత్తున కింద దారి. రెండు పక్కలా సర్వీసు రోడ్డు రోడ్డుతోపాటే పూర్తి కావాలి.

అయిదు: తూములూ కల్వర్టులూ ఎక్కడ, ఎంత వెడల్పున అన్నది ఆ ఊరి రైతులతో వాన కాలంలో నడిచి తేల్చాలి.

ఆరు: ముక్కలై సాగుకు పనికిరాని చెక్కకూ పరిహారం. కౌలుదారుకూ కూలీకీ వేరుగా పునరావాస సాయం. పటంలో గీత పడి నిర్ణీత గడువులో సేకరించకపోతే ఆ గీత రద్దు.

ఏడు: రొక్కానికి బదులు బాండ్లు, ఎప్పుడో ఇచ్చే ప్లాట్లు మాకొద్దు. 2015లో అమరావతిలో కాగితం మీద నమ్మకంతో భూములిచ్చినవాళ్లు, ప్రభుత్వం మారగానే 2019 డిసెంబరు నుంచి ఏళ్ల తరబడి రోడ్డున కూర్చోవాల్సి వచ్చింది. ఆ పాఠం చాలు.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! పటం ఎక్కడో ఆఫీసు గోడకు వేలాడుతున్నంతకాలం అది మన మీద పడే వల. ఈ సంచిక మీ చేతికందిన వారంలోనే ఊరికి అయిదుగురు కలిసి పాస్‌బుక్కులూ, గ్రామ పటమూ పట్టుకుని పట్టణ ప్రణాళిక ఆఫీసుకు వెళ్లండి. మా సర్వే నంబర్ల మీదుగా ఏ గీత పోతోంది అని రాతపూర్వకంగా అడగండి. ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోండి. చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ కాగితాల నకళ్లు సంఘం ఆఫీసుకు పంపండి. అన్ని ఊళ్ల గీతలూ కలిపితే అసలు పటం మనమే తయారుచేసుకోవచ్చు. దాన్ని రచ్చబండ మీద పరిచి చూద్దాం. ఎవరి చేలో ఏముందో, ఏ వాగు ఎటు పోతుందో మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?